కవరుపై పేరు, కాగితముపై సంతకము

తమ యీమెయిలు సర్వరును తామే నడుపుకొనదలచు సంఘములును, విద్యాలయములును నేడును గలవు. వారి పట్టుదలను మేము మెచ్చుచున్నాము. ఉత్తరములు పరుల చేతిలో నున్నంతకాలము వానిని విప్పి చూచు నధికారము కూడ పరులదే యగునని 1898వ సంవత్సరపు పోస్టాఫీసు చట్టములోని 26వ సెక్షను మనవారికి బాగుగ నేర్పినది. కాని సొంత సర్వరు పెట్టుకొన్నవారికి త్వరలోనే యొక ధర్మసందేహము గలుగును: మన సర్వరు గుండ పోవు నుత్తరముపై పంపినవాని చిరునామాను మనము మార్చవచ్చునా?

మార్చవచ్చును, కొన్నిచోట్ల మార్చక తీరదు. ఎచ్చట మార్చవలెనో యెఱుగక మార్చుటయే తప్పని మా వాదము.

ఈమెయిలులో పంపువాని చిరునామా రెండుచోట్ల నుండును. ఒకటి కవరుపైది. ఉత్తరము చేరనిచో తిరుగుటపా యా చిరునామాకే పోవును. రెండవది కాగితముపై నుండు 'ఫ్రమ్' పేరు. చదువరి కంటబడునది యిదియే. 1982లో జాన్ పోస్టెల్ ప్రకటించిన తపాలా నియమావళిలో నీ పేరు నిజమా యని విచారించు విధి లేదు. ఆ యమాయకత్వమును మోసగాండ్రు వాడుకొనిరి. అందుపై వచ్చినదే ఎస్.పి.ఎఫ్. కట్టుబాటు. ఒక డొమైను పేరిట నేయే సర్వరులు ఉత్తరములు పంపవచ్చునో ఆ డొమైనువారు బహిరంగముగ ప్రకటింతురు. పుచ్చుకొను సర్వరు కవరుపై చిరునామాను ఆ పట్టీతో సరిచూచును.

చిక్కంతయు నిచ్చటనే. ఒక పఠనమందిర కార్యదర్శి సంఘపు చిరునామాకు వచ్చు నుత్తరములు తన సొంత పెట్టెకు పోవునట్లు ఏర్పాటు చేసికొన్నాడనుకొందము. ఒక సభ్యుడు లెక్కలనుగూర్చి తగవు వ్రాసెను. సంఘపు సర్వరు సభ్యుని పేరు కవరుపై నట్లే యుంచి దానిని ముందునకు పంపెను. ఆ సభ్యుని డొమైను పట్టీలో సంఘపు సర్వరు లేదు గదా! పుచ్చుకొనువారు దొంగయుత్తరమని చెత్తబుట్టలో వైచిరి. కార్యదర్శి చూడలేదు, సభ్యుడు తన్ను లక్ష్యపెట్టలేదని కోపించెను. మన సంఘములు చీలుటకు ఇంతకన్న చిన్న కారణములే చాలుచున్నవి.

దీనికి ఎస్.ఆర్.ఎస్. అను పద్ధతి గలదు. ముందునకు పంపు సర్వరు కవరుపై తన డొమైను వ్రాసి, అందులోనే అసలువాని పేరును, డొమైనును, కాలసూచికను, ఒక రహస్యముద్రను ఇమిడ్చును. తిరుగుటపా వచ్చినచో ముద్రను సరిచూచి అసలువానికి చేరవేయును. ముద్ర లేకున్న ప్రతి మోసగాడును మన సర్వరును తన బంట్రోతుగ వాడుకొనును. ఇది కపటము గాదు; ఈ యుత్తరము మా చేతిగుండ వచ్చినదని యొప్పుకొనుటయే.

అయితే పోస్ట్‌ఫిక్స్ నడుపువారు జాగరూకులై యుండవలెను. అందలి 'సెండర్ కెనానికల్ మ్యాప్స్' అను నేర్పాటు, వేరుగ చెప్పనిచో, కవరును కాగితమును గూడ మార్చివైచును. 'సెండర్ కెనానికల్ క్లాసెస్' అను పంక్తిలో కవరు మాత్రమే యని వ్రాయవలెను. ఆ యొక్క పంక్తి మఱచినచో సభ్యుని పేరుండవలసిన చోట వికారమైన యక్షరముల గుంపు కనబడును. డికిమ్ ముద్రయు చెడును. కవరు మారినపిమ్మట డిమార్క్ పరీక్షలో నా యుత్తరమునకు మిగిలిన సాక్షి యా ముద్ర యొక్కటియే. దస్తావేజు దాఖలు చేయు ప్లీడరు దానిపై నంకె వేయవచ్చును గాని సంతకమును దిద్దరాదు గదా!

మన సొంత యుత్తరముల సంగతి వేరు. యంత్రములు తమంతట వ్రాయు సమాచారములు 'రూట్ ఎట్ లోకల్‌హోస్ట్' అను పేరుతో బయలుదేరును. ఊరడిగిన 'మా యూరే' యనినట్లున్నది! అట్టివానికి 'ఎస్.ఎమ్.టి.పి. జెనెరిక్ మ్యాప్స్' ద్వారా కవరుపైనను కాగితముపైనను సరియైన చిరునామా నిచ్చుట న్యాయమే.

2014 ఏప్రిలులో యాహూవారు తమ డొమైను పేరిట వచ్చు నుత్తరములు పరీక్షలో తప్పినచో నిరాకరింపుడని ప్రకటింపగా, సామూహిక చర్చల తపాలా నడుపువారనేకులు 'ఫ్రమ్' పేరునే మార్చుకొనవలసివచ్చెను. వారు ఉత్తరమునకు తోక తగిలింతురు, శీర్షిక దిద్దుదురు; ముద్ర నిలువదు. వారిని మేము నిందింపము. ఏమియు దిద్దక ముందునకు పంపువారికి మాత్రమట్టి యవసరము లేదు.

2024 ఫిబ్రవరి నుండి గూగులు, యాహూ సంస్థలు ఎస్.పి.ఎఫ్., డికిమ్ నిబంధనలను మఱింత బిగించినవి. ఇది చిన్నవారిని వెడలగొట్టుటకే యని కేకలు వేయువారితో మేము పూర్తిగ నేకీభవింపము. వారి పెత్తనము మాకును రుచింపదు. కాని పేరు నిజమై యుండవలెననుట పరదేశపు నియమమైనను మంచి నియమమే. దానిని పాటింపనేర్చినవాని సొంత తపాలా నిలుచును.

ఎస్.ఆర్.ఎస్. రహస్యము కార్యదర్శి యొక్కని యొద్దనే గాక సంఘపు పెట్టెలోను భద్రపఱుపబడవలెను. మార్చునపుడు క్రొత్తదానిని పైపంక్తిలో వ్రాసి, పాతదానిని కొన్నాళ్లు క్రింద నుంచవలెను. లేనిచో దారిలో నున్న తిరుగుటపాలను మన సర్వరే గుర్తింపక త్రోసివేయును.