కవిత్వపు చిట్టా ఆవర్జాలు

కవి పోయాక ఇంట్లో రెండు రకాల కాగితాలు మిగులుతాయి. కవితలున్నవి, కవితలు లేనివి. మొదటి రకాన్ని ఎవరో ఒకరు బీరువాలో దాచిపెడతారు. రెండో రకం, అంటే ప్రెస్సు బిల్లులు, పార్సిల్ రసీదులు, చందాదారుల చిరునామాలు, బాకీ గుర్తు చేస్తూ వచ్చిన కార్డులు, తూకానికి పోతాయి. ఈ వారం ఆ రెండో రకం తరఫున మాట్లాడాలని ఉంది. అమెరికాలో ఒక కవి, ఆయన యాభై ఏళ్ళకు పైగా నడిపిన చిన్న ప్రచురణ సంస్థ, ఆ కాగితాలన్నీ చేరిన ఒక గ్రంథాలయం నాకు ఈ మాట చెప్పే ధైర్యాన్నిచ్చాయి.

ఆ కవి జోనథన్ విలియమ్స్. 1929లో నార్త్ కరోలినా రాష్ట్రంలోని యాష్‌విల్‌లో పుట్టాడు. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో చదువు మధ్యలో వదిలేశాడు. ఫొటోగ్రఫీ నేర్చుకుందామని 1951 వేసవిలో బ్లాక్ మౌంటెన్ కాలేజీకి వెళ్ళాడు. 1933లో మొదలై 1957లో మూతబడిన ఆ కాలేజీకి ఏనాడూ డబ్బు లేదు. కానీ అమెరికా కళలో, కవిత్వంలో కొత్తగా ఆలోచించినవాళ్ళు చాలామంది ఆ కొండ కింద కొన్నాళ్ళైనా గడిపారు. అక్కడ పాఠం చెబుతున్న చార్లెస్ ఆల్సన్ అనే కవి ప్రభావంలో పడ్డాక, కెమెరా కోసం వెళ్ళిన కుర్రవాడికి అచ్చు పిచ్చి ముదిరింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో తన కవితతో ఒక చిన్న కరపత్రం వేసి సంస్థకు శ్రీకారం చుట్టిందీ ఆ ఏడే. పేరు జార్గన్. పాత ఫ్రెంచిలో ఆ మాటకు పిట్టల కిచకిచ అని అర్థం.

తర్వాత నిర్బంధ సైనిక సేవలో భాగంగా ఆయన్ని జర్మనీ పంపారు. ఆయుధం పట్టనన్నాడు కాబట్టి వైద్య విభాగంలో పడేశారు. స్టుట్‌గార్ట్‌లో మంచి ముద్రాపకులున్నారని తెలుసుకుని, 1953లో ఆల్సన్ 'మాక్సిమస్' కవితల్లో మొదటి పదింటిని అక్కడే అచ్చు వేయించాడు. రెండో భాగం 1956లో వచ్చింది. ఆ రోజుల్లో ఆల్సన్‌ను వేసే పెద్ద ప్రచురణకర్త లేడు. రాబర్ట్ క్రీలీ, లూయీ జుకోఫ్‌స్కీ, రాబర్ట్ డంకన్, డెనీస్ లెవర్టోవ్ ఈనాడు పాఠ్యపుస్తకాల్లో ఉన్న పేర్లు. వాళ్ళను పట్టించుకునేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది ఉన్న కాలంలో వాళ్ళందరి పుస్తకాలూ జార్గన్ వేసింది.

అచ్చు వేయడంతో పని అయిపోదు. చిన్న పత్రిక నడిపిన ఎవరినడిగినా ఇదే చెబుతారు. విలియమ్స్ కారు నిండా పుస్తకాలు నింపుకుని ఊరూరా, కాలేజీ కాలేజీకీ తిరిగాడు. తన కవితలు చదివి వినిపించి, ఆ పూటకు నాలుగు పుస్తకాలు అమ్ముకుని మళ్ళీ బండెక్కేవాడు. కొండల్లో ఇల్లు, దేశమంతా చెదిరిన పాఠకులు. అన్నీ ఉత్తరాలమీదే నడవాలి. చేతిరాత తెప్పించుకోవడం, ప్రూఫు పంపడం, చిత్రకారుణ్ణి బతిమాలడం, దాతను అభ్యర్థించడం, ముద్రాపకుణ్ణి ఇంకో నెల ఆగమనడం, అన్నిటికీ టపానే ఆధారం. అందుకే ఆ కాగితాలు అంత పెరిగాయి.

ఆయన సొంత కవిత్వం గురించి కూడా చెప్పాలి. 1961లో సాటి కవి రొనాల్డ్ జాన్సన్‌తో కలిసి అపలాచియన్ కొండదారిలో 1400 మైళ్ళకు పైగా నడిచాడు. దారిలో రైతులు అన్న మాటలు, దుకాణాల బోర్డులమీది రాతలు విని, చూసి, పదం మార్చకుండా పాదాలుగా విరిచి కవితలు చేశాడు. మాహ్లర్ సింఫనీలు వింటూ ఒక్కో భాగానికి ఒక్కో కవిత రాశాడు. కవి తన గుండె విప్పి చెప్పాలనుకునేవాళ్ళకు ఇది కవిత్వమా అనిపించవచ్చు. నాకు మాత్రం ఆ కవికీ ఆ ప్రచురణకర్తకూ తేడా కనిపించదు. రెండు చోట్లా ఆయన చేసింది ఎదుటివాళ్ళ మాట చెవిన పడగానే దాని విలువ పట్టేయడం, అది గాలికి పోకుండా కాగితంమీద నిలపడం.

ఇక గ్రంథాలయం సంగతి. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో విశ్వవిద్యాలయంలో కవిత్వానికే ప్రత్యేకించిన భాండాగారం ఒకటుంది. 1930లలో చార్లెస్ ఆబట్ అనే గ్రంథపాలకుడు దాన్ని మొదలుపెట్టాడు. బతికున్న కవులకు ఉత్తరాలు రాసి, మీ సాఫుప్రతులు కాదు, కొట్టివేతలున్న చిత్తుప్రతులు పంపండి అని అడిగాడు. అప్పటికి అది వింత కోరిక. చెత్తబుట్టలో వేసే కాగితం కోసం విశ్వవిద్యాలయం ఉత్తరం రాయడమేమిటని ఆశ్చర్యపోయిన కవులూ ఉండి ఉంటారు. అయినా కాగితాలు వచ్చాయి. 1941లో డబ్బుకు కటకటలాడుతున్న డిలన్ థామస్ యౌవనంలో రాసుకున్న నాలుగు నోటుపుస్తకాలు అమ్మితే కొన్నది బఫెలోయే. అప్పటికి ఆయన వయసు 26. జేమ్స్ జాయ్స్ కాగితాల్లో ప్రపంచంలోకెల్లా పెద్ద నిధి ఇప్పుడక్కడే ఉంది. జార్గన్ కాగితాలు కూడా చేరింది ఆ గూటికే. చేతిరాతలు, ఉత్తరాలు, ప్రూఫులు, సంస్థ లెక్కలు, అన్నీ కలిపి.

ఆ 'అన్నీ కలిపి' అన్న మాటమీదే నా పట్టుదలంతా. భాండాగారాల్లో ఒక నియమం ఉంది. వచ్చిన కాగితాలను విషయాన్నిబట్టి విడదీయకూడదు, మనిషి ఏ వరసలో దాచుకున్నాడో ఆ వరస చెడగొట్టకూడదు. కవి ఉత్తరానికి వెనక ప్రెస్సు బిల్లు గుచ్చి ఉంటే ఆ గుచ్చడం కూడా సమాచారమే. మంచి కాగితాన్ని వేరు చేసి చిల్లర కాగితాన్ని పారేసిన మరుక్షణం ఆ సంబంధం తెగిపోతుంది. తిరిగి అతికించడం ఎవరితరమూ కాదు.

దీనివల్ల ఏం పోతుందో లొరీన్ నీడెకర్ అనే కవయిత్రి కథ చెబుతుంది. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఫోర్ట్ అట్కిన్సన్ దగ్గర బ్లాక్‌హాక్ ఐలండ్ అనే చోట ఆమె ఇల్లు. మన వెల్చేరు నారాయణరావుగారు దశాబ్దాలపాటు పాఠాలు చెప్పిన మాడిసన్ అక్కడికి కారులో గంట లోపు దూరం. తండ్రి చేపలు పట్టేవాడు. నది పొంగినప్పుడల్లా ఇళ్ళలోకి నీళ్ళు. ఆమె ఒక పాడిరైతుల పత్రికలో ప్రూఫులు దిద్దింది, తర్వాత కొన్నేళ్ళు ఆసుపత్రిలో నేల తుడిచింది. పక్కన పనిచేసేవాళ్ళలో చాలామందికి ఈమె కవి అని తెలియదు. తొలి పుస్తకం 1946లో వస్తే, రెండోది 1961లో, అదీ స్కాట్లండులోని ఒక చిన్న ప్రెస్సు పుణ్యమా అని వచ్చింది. 1936 నుంచి 1966 దాకా ముప్పై ఏళ్ళ కవిత్వాన్ని ఒక్కచోట చేర్చి 'టీ అండ్ జీ' పేరుతో జార్గన్ అచ్చువేసింది 1969లో. 1970 డిసెంబరు 31న ఆమె కన్నుమూసింది.

కవితలు 66తో ఆగాయి, పుస్తకం 69లో వచ్చింది. ఆ మూడేళ్ళూ అరవై దాటిన మనిషి ఎదురుచూసిన ఏళ్ళు. ఎందుకంత ఆలస్యమైందో కవితల్లో దొరకదు. ప్రచురణకర్త లెక్కల పుస్తకంలో, ముద్రాపకుడితో నడిచిన ఉత్తరాల్లో, దాతల జవాబుల్లో వెతకాలి. ఒక కవి జీవితంలో అంత పెద్ద సంగతికి సాక్ష్యం ఇంకొకరి ఖాతాల్లో ఉంటుంది. ప్రచురణకర్త కాగితాలు ఆయన ఒక్కడివి కావు. అందులో కనీసం వందమంది బతుకులు దాక్కుని ఉంటాయి.

కథ అక్కడితో అయిపోలేదు. 1985లో జార్గన్ నీడెకర్ రచనలన్నీ కలిపి పెద్ద సంపుటం వేసింది. సంపాదకుడు రాబర్ట్ బెర్టాల్ఫ్ అప్పుడు బఫెలో కవిత్వ భాండాగారానికి పాలకుడు. ప్రేమతో తలపెట్టిన పనే. కానీ పాఠంలో తప్పులు, తేదీల్లో పొరపాట్లు చాలా ఉన్నాయని పండితులు ఎత్తి చూపారు. జెన్నీ పెన్‌బర్తీ అనే పరిశోధకురాలు ఏళ్ళ తరబడి చేతిరాతలు, ఉత్తరాలు పోల్చి చూసి సరిచేసిన సంపుటాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం 2002లో తెచ్చింది. తప్పు చేసినవాళ్ళను వేలెత్తి చూపడానికి ఈ సంగతి చెప్పడం లేదు. అచ్చైన పుస్తకం చేతిలో ఉంది కదా, ఇంక చిత్తుప్రతి ఎందుకు అనేవాళ్ళకు చెబుతున్నాను. ఆ చిత్తుప్రతులే లేకపోతే నీడెకర్ తప్పులతోనే మిగిలిపోయేది. నీడెకర్, జుకోఫ్‌స్కీ మధ్య నడిచిన ఉత్తరాల్లో చాలావాటిని వాళ్ళ కాలంలోనే ముక్కలుగా కత్తిరించేశారు. అందులో పోయింది పోయినట్టే.

మీనా లాయ్ సంగతీ ఇటువంటిదే. 1923లో పారిస్‌లో తొలి పుస్తకం వచ్చిన ఈ కవయిత్రిని లోకం మరిచిపోయింది. ముప్పై అయిదేళ్ళ తర్వాత ఆమె బతికుండగానే, 1958లో, మళ్ళీ పుస్తకం చేసింది విలియమ్సే.

జార్గన్‌కు బాగా అమ్ముడుపోయిన పుస్తకం కవిత్వం కాదు. 1986లో వేసిన ఒక వంటల పుస్తకం, అమెరికా దక్షిణాది పేద తెల్లవాళ్ళ వంటలు. అది ఎంత పోయిందంటే, ఆ తాకిడి చిన్న సంస్థ తట్టుకోలేక హక్కులు పెద్ద ప్రచురణకర్తకు ఇచ్చేసింది. కవిత్వం మాత్రమే విలువైనదని ఆ ఒప్పంద పత్రాలను ఎవరైనా ఏరి పారేస్తే జార్గన్ చరిత్రలో సగం చీకట్లోకి పోతుంది.

ఇంకొక సంగతి. దక్షిణాది పల్లెల్లో చదువు లేకుండానే బొమ్మలు చెక్కినవాళ్ళ గురించి, పెరట్లో సీసాలతో, ఇనుప ముక్కలతో గుళ్ళు కట్టుకున్నవాళ్ళ గురించి విలియమ్స్ ఇద్దరు ఫొటోగ్రాఫర్లతో తిరిగి ఒక పుస్తకం సిద్ధం చేశాడు. ఆయన బతికుండగా అది అచ్చు కాలేదు. 2019లో, పోయిన పదకొండేళ్ళకు, కెంటకీలోని ఇన్‌స్టిట్యూట్ 193 అనే చిన్న సంస్థ దాన్ని ప్రచురించింది. అప్పటికి ఆ కళాకారుల్లో చాలామంది లేరు. వాళ్ళ ఇళ్ళ ముందు ఉన్న బొమ్మలూ చాలావరకు లేవు. రాతప్రతి మాత్రం ఉంది.

మన పుస్తకాలు కూడా అమెరికా అరల్లో ఉన్నాయి. అమెరికా మనకు గోధుమలు అమ్మగా పోగుపడిన రూపాయలతో ఆ దేశ కాంగ్రెస్ గ్రంథాలయం 1962 నుంచి ఢిల్లీ కార్యాలయం ద్వారా భారతీయ భాషల పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంచింది. అందులో తెలుగూ ఉంది. ఇక్కడ దొరకని తెలుగు పుస్తకం అక్కడ దొరికిందని పరిశోధకులు చెప్పినప్పుడల్లా సంతోషపడతాం. కానీ అలా వెళ్ళినవి అచ్చైన పుస్తకాలే. వాటి వెనక ఉన్న చిత్తుప్రతులు, ప్రెస్సువాళ్ళతో నడిచిన తగవులు, సహాయం కోరుతూ రాసిన ఉత్తరాలు ఇక్కడే, మన ఇళ్ళలోనే ఉన్నాయి. అక్కడ భాండాగారాలు కాగితాలను అరల మీద అడుగుల్లో కొలుస్తాయి. మన దగ్గర కిలోల్లో తూస్తారు.

మీ ఇంట్లో నాన్నగారిదో తాతగారిదో అలాంటి అట్టపెట్టె ఉంటే, అందులో ఆయన నడిపిన పత్రిక లెక్కలుంటే, దయచేసి ఈ వేసవి శుభ్రం చేసేటప్పుడు దాన్ని ముట్టకండి. ముట్టక తప్పకపోతే తుప్పు పట్టిన గుండుసూదులు తీసేయండి, అవి కాగితాన్ని తినేస్తాయి. సూది తీసిన చోట ఆ రెండు కాగితాలనూ ఒక తెల్లకాగితంలో కలిపి మడిచి పెట్టండి. చెదలు అందని ఎత్తులో, తడి తగలని మూలలో ఉంచండి. పైన పెన్సిలుతో పేరు, ఊరు, ఏ ఏళ్ళవో రాయండి. కట్టలు విప్పినా వరస మాత్రం మార్చకండి.