చెయ్యి తిరిగిన మనిషిని నిలుపుకోండి

పలాస, కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమల యజమానులకు,
ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చి కటింగ్, పీలింగ్, గ్రేడింగ్ చేస్తున్న కార్మికులం సమర్పించుకుంటున్న వినతిపత్రం.

అయ్యా,

పని ఉంది, మనుషులు దొరకడం లేదని మీరు అంటున్నారు. నిజమే. మగవాళ్లు ఎప్పుడో విశాఖ, చెన్నై, హైదరాబాద్ రైళ్లెక్కారు. ఇప్పుడు ఆడవాళ్లమూ ఎక్కుతున్నాం. కిలోకు ఓ రూపాయి పెంచితే ఆగుతామని మీ నమ్మకం. ఆ రూపాయి మాకు వద్దనం, అక్కరకొచ్చేదే. కానీ ఏళ్ల తరబడి మీ షెడ్డులో కూర్చున్న మనిషి లేచిపోయేది ఒక్క రూపాయి కోసం కాదు.

నిండు గుండు రెండు బద్దలు కాకుండా పప్పు పొర తీయడం ఒక్కరోజులో వచ్చే పని కాదు. గుండుకో ధర, బద్దకో ధర, ముక్కకు మరీ తక్కువ. ఆ తేడా తేలేది మా వేళ్ల దగ్గరే. చెయ్యి తిరిగిన మనిషి పోయి కొత్త మనిషి వస్తే ముందు నష్టపోయేది మీరే.

మా కోరికల్లో మొదటిది నీళ్లు, మరుగుదొడ్డి. రెండింటినీ కలిపే అడుగుతున్నాం. దొడ్డి సరిగా లేని షెడ్డులో ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు కూడా తాగరు. ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా నిండుగానే తిరిగి ఇంటికి వెళ్తుంది. ఇది కిడ్నీ జబ్బుల ఉద్దానం. కవిటి, సోంపేట, పలాసల్లో డయాలసిస్ మంచాల పక్కన కూర్చున్నవాళ్లం మేము. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఏడాదికి రెండుసార్లు అక్కడ మా రక్తం తీయించి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. పరీక్షకు వెళ్లిన రోజు కూలి కోయకండి.

రెండోది చేతుల సంగతి. జీడి రసం తగిలితే చర్మం కాలి, నల్లబడి, పొరలుగా ఊడుతుంది. మాలో ఒక అక్క రేషన్ కోసం మెషీన్ మీద వేలు పెట్టింది. వేలిముద్ర పడలేదు. తుడిచి మళ్లీ పెట్టింది. పది వేళ్లూ అయ్యాక బియ్యం లేకుండా సంచి మడుచుకుని వచ్చేసింది. కటింగ్ దగ్గర చేతి తొడుగులు, నూనె, సబ్బు మీరే ఇవ్వాలి. ఇది దయ కింద లెక్క కాదు, పనిముట్ల కింద లెక్క.

మూడోది మస్టరు. పదిమంది పనిచేసే చోట ఈఎస్ఐ, ఇరవైమంది ఉంటే పీఎఫ్ చట్టం చెప్పినవే. మస్టరులో పేరు లేనివాళ్లకు రెండూ అందవు. ఈఎస్ఐకి యజమాని వాటా 3.25 శాతం, అంటే వంద రూపాయల కూలికి మూడు రూపాయల పావలా. చందా రోజులు నిండితే జబ్బు పడినప్పుడు ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం కూలి వస్తుంది. మొదటి రెండు కాన్పులకు 26 వారాల పూర్తి కూలి. మనిషిని మీ దగ్గర కట్టిపడేసేది ఈ ఈఎస్ఐ కార్డు. కిలో లెక్కన పనిచేసేవాళ్లనూ మస్టరులోకి ఎక్కించండి. కేరళలో జీడి కార్మికుల సంక్షేమ నిధికి ఎప్పుడో చట్టం వచ్చింది. అలాంటిది ఇక్కడా కావాలని ప్రభుత్వాన్ని మాతో కలిసి మీరూ అడగండి.

ఇక రాకపోకలు, పసిపిల్లల సంగతి. వజ్రపుకొత్తూరు, మందస వైపు నుంచి వచ్చేవాళ్లకు కూలిలో కొంత ఆటోకే పోతోంది. నాలుగైదు ఫ్యాక్టరీలు కలిసి ఒక బండి పెడితే చాలు. పసిపిల్లలకు ఒక గది, చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. జీడిపిక్కల బస్తాల మధ్య పడుకోబెట్టిన బిడ్డ తొక్క నోట్లో పెట్టుకుంటుందేమోనని తల్లి కళ్లు అటే ఉంటాయి, గుండు బద్దవుతుంది.

మాలో చాలామందిమి ఒకప్పుడు సొంత తోటలున్నవాళ్లమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ కొబ్బరి, జీడి చెట్లను పడగొట్టాకే మీ షెడ్లకు వచ్చాం. మా ఊళ్లు వదలాలని మాకు లేదు.

కొత్త పిక్క దిగేలోపు మా ప్రతినిధులను పిలిపించి మాట్లాడాలని, ముందుగా నీళ్లు, మరుగుదొడ్డి పని మొదలుపెట్టాలని వేడుకుంటున్నాం. ప్రతిని కార్మిక శాఖ అధికారులకూ ఇస్తున్నాం.

ఇట్లు,
పలాస, ఉద్దానం జీడి కార్మికులు