వడదెబ్బకు కర్త యెవరు?

భూమిని పైకెత్తిన ఆదివరాహస్వామి వెలసిన ఊరు మా కమాన్‌పూరు. భూగర్భమును పైకెత్తి బ్రతుకుచున్న ఊరును అదియే. చుట్టుప్రక్కల సింగరేణివారి ఓపెన్‌కాస్టు గనులు. కొంతదూరమున ఆ బొగ్గును మండించు రామగుండపు విద్యుత్కేంద్రములు. ఏప్రిల్ వచ్చినదో లేదో, ప్రొద్దెక్కకముందే వీధులు నిర్మానుష్యములగును. "పేరులోనే గుండమున్నది, ఎండకు వెరపేల?" అని మావారు నవ్వుకొందురు. ఆ నవ్వు నాకిప్పుడు రుచించుటలేదు.

ఒకనాడు తరగతిలో సమాసములు చెప్పుచు 'వడదెబ్బ'ను ఉదాహరించితిని. వడచేత దెబ్బ, తృతీయా తత్పురుషము. వెనుకబల్ల నుండి గనికార్మికుని కుమారుడొకడు లేచి, "దెబ్బంటే కొట్టినోడుండాలె గద సార్, మరి కొట్టినోడెవడు?" అని అడిగెను. ముప్పదియేండ్లు వ్యాకరణము చెప్పినవాడను, తడబడితిని.

జవాబు రసాయనశాస్త్రములో ఉన్నది. కిలో కర్బనము పూర్తిగా మండినచో, గాలిలోని ప్రాణవాయువుతో కూడి మూడున్నర కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువగును. మన బొగ్గులో బూడిదపాలు ఎక్కువ. అయినను కాల్చిన బొగ్గుకంటె వెలువడిన వాయువే తూకమున మిన్న. భూమి విడుచు వేడిని ఆ వాయువు దుప్పటివలె పట్టియుంచును. అది పెరిగినకొలది భూతాపము పెరుగునని స్వీడను శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ 1896లోనే లెక్కకట్టెను. ఇల్లందు ప్రాంతమున డాక్టరు కింగు బొగ్గును కనుగొని అప్పటికి పాతికేండ్లు.

అయితే కర్త గనికార్మికుడా? కాడు. అతడు తీసిన బొగ్గుతో వెలిగిన దీపముల క్రిందనే మనము చదువుకొంటిమి. మనకంటె ఎంతో ముందుగా, ఎంతో అధికముగా కాల్చిన దేశములు వేరే యున్నవి. దెబ్బ మాత్రము ముందుగా తగులుచున్నది ఎండలో పనిచేయక తీరనివానికి.

2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రములలో 2,000 మందికి పైగా వడగాలికి మరణించిరి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా గుర్తించి, మృతుని కుటుంబమునకు 4 లక్షల రూపాయలు ప్రకటించెను. మంచిదే. కాని బ్రతికియున్నవాని మధ్యాహ్నమునకు నీడయేది? పనివేళల మార్పును ఉపాధికూలికి, ఇటుకబట్టీవానికి హక్కుగా చేయవలదా?

రామగుండములో 1971 నాటి 62.5 మెగావాట్ల యూనిటు 2024లో మూతపడెను. 2022లో అక్కడి జలాశయముపై 100 మెగావాట్ల సౌరఫలకములు తేలినవి. చూడ ముచ్చటగనే యున్నవి. మరి 2023, 24 సంవత్సరములలో అదే రామగుండమున 800 మెగావాట్ల బొగ్గు యూనిట్లు రెండు లేచినవి. కరెంటు వలదనను, ఈ ఉక్కలో నా తలపై పంకాయు బొగ్గుతోనే తిరుగుచున్నది. కాని 2070 నాటికి ఉద్గారములను నికరముగా శూన్యము చేయుదుమని 2021లో గ్లాస్గోలో చెప్పివచ్చిన ప్రభుత్వము, ఆ మాటను గనికాలనీలలో ఎందుకు చెప్పదు? నేడు పదవతరగతి చదువు పిల్లవానికి అప్పటికి అరువదియేండ్లు. తండ్రి యుద్యోగము తనకు వచ్చునని నమ్మిన ఇండ్లు ఇక్కడ ఎన్నో. ఆ పిల్లలకు మరొక పని నేర్పు ఏర్పాటు గనులు మూతపడిన తరువాత గాదు, ఇప్పుడే జరుగవలెను.

మరునాడు నల్లబల్లపై 'వడదెబ్బ' క్రింద బొగ్గుపులుసు లెక్క వ్రాసితిని. తెలుగు గంటలో ఇదేమని కొందరు నవ్విరి. ఆ కుర్రవాడు మాత్రము దానిని దించుకొని, "ఇది మా నాయినకు చూపెట్టొచ్చా సార్?" అనెను.

చూపుమంటిని.