బుడగల జబ్బును వాతనొప్పి అనకండి



ఏళ్ళ తరబడి భావనపాడు రేవని పిలిచిన ప్రాజెక్టుకు మూలపేట పేరుతో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఉద్యోగాల గురించి ఉపన్యాసాలు విన్నాం. రేవన్నచోట నీటి అడుగున పనిచేసే మనిషి ఉంటాడనీ, అతడికొక జబ్బు పొంచి ఉంటుందనీ చెప్పిన వక్త మాత్రం నాకు కనబడలేదు.

డీకంప్రెషన్ సిక్‌నెస్ అనే ఆ వ్యాధిని నేను బుడగల జబ్బు అంటాను. పది మీటర్ల లోతుకు దిగితే ఒంటిపై ఒత్తిడి రెట్టింపవుతుంది. పీల్చే గాలిలోని నత్రజని రక్తమాంసాలలో కరుగుతుంది. గబగబా పైకి వస్తే, గోలీసోడా కొట్టినట్లు, బుడగలై పొంగుతుంది. ఈ మర్మాన్ని పాల్ బెర్ట్ 1878లోనే వివరించాడు. ఆగి ఆగి పైకి వచ్చే పద్ధతికి హాల్డేన్ బృందం 1908లో పట్టికలు కట్టింది.

"మనవాళ్ళు సముద్రం ఎరిగినవాళ్ళు, వాళ్ళకేమవుతుంది?" అనడం వినసొంపే గాని సత్యం కాదు. ఊపిరి బిగబట్టి మునగడం వేరు, గొట్టంతో గాలి పీలుస్తూ గంటల తరబడి అడుగున పనిచేయడం వేరు. నత్రజనికి కులవృత్తితో పనిలేదు.

పైకి వచ్చిన గంటలోనో, ఒకరోజులోపునో భుజం, మోచేయి పీకుతాయి. దురద, తిమ్మిరి, తలతిరుగుడు, ఆయాసం రావచ్చు. కాళ్ళు పట్టు తప్పవచ్చు, మూత్రం రాకపోవచ్చు. దీన్ని వాతమనో, తాగుడనో తేల్చేసి మలాము రాసి పడుకోబెడితే ఆ మనిషి జన్మంతా మంచాన పడవచ్చు. మళ్ళీ నీట దించడం మరీ ప్రమాదం. వెల్లకిలా పడుకోబెట్టి, తక్షణం శుద్ధ ప్రాణవాయువు పట్టించి, ఒత్తిడి పెంచి చికిత్స చేసే పీడనగదికి చేర్చాలి. దారిలో నొప్పి తగ్గిందని వెనుదిరగరాదు.

2025 జులైలో విశాఖలో నౌకాదళంలో చేరిన నిస్తార్ నౌకలో ఇటువంటి గదులున్నాయి. నావికుడికి అవసరమైనది రేవు కూలీకి అనవసరమా?

ఉద్దానం మూత్రపిండ రోగులకు పలాసలో ప్రత్యేక ఆసుపత్రి తెరిచింది 2023 డిసెంబరులో. అప్పటికే ఎన్ని ఇళ్ళలో దీపాలు ఆరిపోయాయో ఈ తీరానికి తెలుసు. రోగం ముందు, వైద్యం వెనక అనే ఆ వరుస మళ్ళీ వద్దు. మనిషిని నీటిలోకి దించే ముందే ఒడ్డున ప్రాణవాయువు సిలిండరు ఉండాలి. అర్ధరాత్రి తలుపు తెరిచే పీడనగది ఏదో, దాని ఫోను నంబరేమిటో గోడమీద తెలుగులో రాసి ఉండాలి. ఆ రెండూ లేనిచోట దిగనని చెప్పే హక్కు ఆ కూలీకి ఉండాలి.