గుండీల కొట్లో వింతేముంది?

న్యూయార్కు చూడటానికొచ్చిన చుట్టాలకి లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేరు అయిపోయాక మూడోరోజున మన న్యూజెర్సీ వాళ్ళు పెట్టే కార్యక్రమం ఒకటుంది. "పదండి, వింత వింత కొట్లు చూపిస్తాం" అంటారు. ఎవరో రాసిపెట్టిన జాబితా ఫోనులో పట్టుకుని సిరా పెన్నుల కొట్టు ముందు ఒక ఫొటో, టైపు మిషన్లు బాగుచేసే చోట ఒక ఫొటో, చదరంగం బల్లల దగ్గర ఇంకోటి. కొన్నది మాత్రం సున్నా. సాయంత్రానికి ఎడిసన్‌లో దోసెలు తిని ఇల్లు చేరతారు. దీనిమీద నాకు ఎన్నాళ్ళుగానో ఒళ్ళుమంట. ఏదైనా రాయమని సంపాదకులు అడిగారు గనక ఇక్కడే వెళ్ళగక్కుతున్నాను.

ముందు ఆ ‘వింత’ సంగతి చూద్దాం. వారెన్ స్ట్రీటులో ఉన్న ఫౌంటెన్ పెన్ హాస్పిటల్ 1946లో పెన్నులు బాగుచేసే కొట్టుగా మొదలైంది. సిటీ హాలుకి దగ్గర్లో, గుమాస్తాల జేబుల్లోనూ ప్లీడర్ల జేబుల్లోనూ సిరా పెన్నులుండే రోజుల్లో, అంతకంటే మామూలు వ్యాపారం ఇంకేముంటుంది? గ్రామర్సీ టైప్‌రైటర్ కంపెనీ 1932 నాటిది. తాత చేసిన పనే మనవడి దాకా వచ్చింది. 1964లో మొదలైన టెండర్ బటన్స్‌లో ముఖ్యంగా గుండీలే అమ్మేవారు. 2019లో మూసేశారు. వీళ్ళెవరూ వింతగా కనిపిద్దామని కొట్టు పెట్టలేదు. చుట్టుపక్కల అలాంటివన్నీ పోయి ఇవి మిగిలాయి గనక మన కళ్ళకి వింతగా ఉన్నాయి. అంటే మనం ఫొటో తీసేది వింతని కాదు, చావగా మిగిలినవాణ్ణి.

ఒక్క వస్తువే అమ్మే కొట్టు తెలుగువాడికి కొత్తా? చార్మినారు పక్కన లాడ్ బజారంతా గాజులే. బెజవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు. రాజమండ్రిలో రత్నం పెన్నులు. గాంధీగారి మాట మీద స్వదేశీ పెన్ను చేసిన ఇల్లది. బాగుందని ఆయనే 1935లో ఉత్తరం రాశారు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ వాటి ముందునుంచి స్కూటరు ఆపకుండా వెళ్ళిపోయినవాళ్ళమే కదా మనలో చాలామంది! అదే సరుకు మాన్‌హట్టన్‌లో పసుపురంగు దీపం కింద కనిపిస్తే మాత్రం ‘హిడెన్ జెమ్’.

ఈ కొట్లలో దొరికేది వస్తువొక్కటే అయితే నేనింత గోల చెయ్యను. కిందటి చలికాలం నా ఉన్ని కోటుకి గుండీ ఒకటి ఊడిపోయింది. గార్మెంట్ డిస్ట్రిక్టులో ఒక సందులో ఉన్న గుండీల కొట్టుకి వెళ్ళాను. కౌంటరు వెనక పెద్దావిడ మిగిలిన గుండీని వేలితో ఒకసారి తడిమి, "ఇది ప్లాస్టిక్ కాదు, కొమ్ము" అంది. పుస్తకం చూడలేదు, కంప్యూటరు చూడలేదు. నిచ్చెనెక్కి ఒక పెట్టె దింపి, అందులోంచి మూడు తీసి, వెలుతురు పడేలా కిటికీ దగ్గర పెట్టి, వాటిలో రెండు తనే పక్కకి తోసేసింది. మిగిలినదాన్ని నా చేతిలో పెడుతూ, "గుడ్డ మందంగా ఉంది, బిగించి కుట్టకు. కింద అగ్గిపుల్ల పెట్టి కుట్టి, తరవాత పుల్ల లాగేసి, మిగిలిన దారాన్ని గుండీ కింద చుట్టు" అని చెప్పింది. మా అమ్మ చెప్పాల్సిన మాట! ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో వెతికితే యాభై గుండీల పొట్లం చవగ్గా వచ్చేది. అందులో నాకు కావలసింది ఉండేది కాదు, అగ్గిపుల్ల అసలే ఉండేది కాదు.

"కాలం మారిందండీ, కొనేవాళ్ళేరీ?" అంటారు. ఈ మాట సగమే నిజం. ఫోర్త్ ఎవెన్యూ మీద ఒకప్పుడు బుక్ రో అని పదుల కొద్దీ పాత పుస్తకాల కొట్లుండేవి. 1927లో ఆ వరసలో పుట్టిన స్ట్రాండ్ ఇవాళ కూడా బతికుంది. 1925లో మొదలైన ఆర్గొసీ 59వ వీధిలో ఇప్పటికీ ఉంది. ఈ రెండిటికీ ఉన్న పోలిక ఏమిటో తెలుసా? కొట్టున్న భవనం కొట్టువాళ్ళదే. పుస్తకాలు చదివేవాళ్ళు ఈ రెండు కొట్లకే వచ్చి మిగతావాటికి రాకుండా పోయారా? 1945 నుంచి 1963 దాకా న్యూయార్కులో వ్యాపార స్థలాల అద్దెలకి కూడా చట్టం అదుపు ఉండేది. ఆ తరవాత తీసేశారు. లీజు అయిపోయిన చిన్న దుకాణదారుకి పొడిగింపు హక్కు ఇవ్వాలని 1986లో నగర కౌన్సిల్లో పెట్టిన బిల్లు రూపాలు మార్చుకుంటూ మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. 2018లో దానిమీద బహిరంగ విచారణ కూడా జరిగింది. చట్టం మాత్రం కాలేదు.

ఈ గొడవ మనకెందుకు అంటారేమో. మనం ఇక్కడ కొనుగోలుదారులం, అక్కడ ఇంటి ఓనర్లం. ఇక్కడ సంపాదించిన డాలర్లతో హైదరాబాదులోనూ గుంటూర్లోనూ షట్టర్లు కట్టించి అద్దెలకిచ్చినవాళ్ళు మన సంఘాల సభల్లో ప్రతి వరసలోనూ ఉన్నారు. అద్దె పెంచుకోవడం మీ హక్కే, కాదనను. కానీ అక్కడ బ్యాంకు ఏటీఎం కోసం పాత అద్దెదారుని పంపించేసి, ఇక్కడికొచ్చి పెన్నుల ఆసుపత్రి ముందు "అబ్బ, ఎంత బావుందో" అంటే మాత్రం వినలేను.

లెక్సింగ్టన్ ఎవెన్యూ మీద కలుస్త్యాన్స్‌ని 1944లో ఒక అర్మేనియన్ పెట్టాడు. ఎడిసన్‌లో మన కొట్లు లేని రోజుల్లో ఇంగువకీ పప్పుకీ అక్కడికే వెళ్ళేవాళ్ళమని మా ముందుతరం వాళ్ళు చెబుతుంటారు. మన చారు ఈ ఊళ్ళో నిలబడింది అలాంటి కొట్టు మీద. అందుకని చుట్టాలని తీసుకెళ్ళండి, వద్దనను. తలా ఒక సిరా బుడ్డి కొనిపించండి. సంఘాల వాళ్ళు సన్మానాలకి ఆ ప్లాస్టిక్ షీల్డులు మానేసి రాజమండ్రి నుంచి పెన్నులు తెప్పించండి.

నా మిత్రుడొకడికి తెనాలిలో మూడు షట్టర్లున్నాయి. మధ్యదాంట్లో హార్మోనియంలు బాగుచేసే ఆయన ఇరవైరెండేళ్ళుగా ఉంటున్నాడు. పద్యనాటకాల వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళనుంచి పెట్టెలు మోసుకొస్తారట. ఆ షట్టరుకి సెల్‌ఫోన్ల షోరూము వాళ్ళు రెట్టింపు అద్దె ఇస్తామన్నారు. కిందటి వారం ఫోను చేసి ఏం చెయ్యమంటావని అడిగాడు. మిగతా రెండు షట్టర్లకీ ఎంత కావాలంటే అంత పెంచుకో, మధ్యదానికి ఐదేళ్ళకి కాగితం రాసివ్వు అన్నాను. ఇంకా ఆలోచిస్తున్నాడు. పాత ఒప్పందం డిసెంబరుతో అయిపోతుంది.