పాత లెన్సు, క్రొత్త కెమెరా



ఒక కుక్కరు మూత మఱియొక కుక్కరునకు పట్టదని మన మందఱము నెఱుగుదుము. రెండును ఒకే కంపెనీవైనను కొలత వేఱైనచో ఆవిరి నిలువదు. కెమెరాలకును వానికి తగిలించు లెన్సులకును గల పొత్తు ఇట్టిదే. పెండ్లిండ్లలో, బారసాలలలో ఫొటోలు తీసి జీవనము సాగించు స్త్రీలు నేడు కలరు గనుక, ఈ సంగతి పురుషులకే విడువదగినది కాదని మాకు తోచుచున్నది.

ఆ పనికి పూనుకొన్న యొక సోదరి మాకు లేఖ వ్రాసినది. గతించిన తండ్రిగారి పెట్టెలో కానన్ ఎఫ్.డి. లెన్సులు మూడు దొరకినవట. పొదుపు సంఘములో అప్పు తీసికొని క్రొత్త కెమెరా కొనబోగా, అంగడివారు అవి పాత సామానువానికి వేయదగినవే యనిరట. నిజముగా పాఱవేయవలసినదేనా యని ఆమె ప్రశ్న.

పాఱవేయవలదు. కారణము వినుడు. లెన్సు తగులుకొను మూతినుండి లోపల బొమ్మ పడు తలము వఱకు ప్రతి కెమెరాకును నిర్ణీతమైన లోతు కలదు. 1971లో వచ్చిన ఎఫ్.డి. పద్ధతికి అది 42 మిల్లీమీటర్లు. 1987లో ఆ కంపెనీవారే ఇ.ఎఫ్. అను క్రొత్త మూతిని తెచ్చి లోతును 44 మిల్లీమీటర్లు చేసిరి. నడుమ అడాప్టరు వేసినచో దూరము పెరుగునే గాని తరుగదు. కావున ఆ రెండు మిల్లీమీటర్ల మూలమున, అదనపు గాజు లేనిదే, పాత లెన్సులు దూరపు వస్తువులను స్పష్టముగా చూపజాలక మూలబడెను.

2018లో వచ్చిన కానన్ ఆర్ కెమెరాలో అద్దము లేదు. లోతు 20 మిల్లీమీటర్లే. ఎఫ్.డి. కొఱకు చేసిన అడాప్టరు తక్కిన 22 మిల్లీమీటర్లను పూరించును. సోనీ ఇ మూతికి లోతు 18, నికాన్ జడ్ మూతికి 16. లోతు తక్కువైన కెమెరాకు లోతెక్కువ లెన్సు నమరింపవచ్చును. దీనికి విపర్యయము సాగదు.

అయినను అమరినంతమాత్రమున సర్వము కుదిరినట్లు కాదు. ఎఫ్.డి. లెన్సులో మోటారు లేదు. చేతితో త్రిప్పి ఫోకసు కుదుర్చుకొనవలెను. పీటలపై కూర్చున్న వధువునకు, నగలకు, మండపాలంకారమునకు అది చాలును. పరుగెత్తు పిల్లలకు చాలదు. నికాన్ వారి ఎఫ్ మూతి 1959 నుండి వచ్చుచున్నదే యైనను, మోటారు లేని పాత ఏ.ఎఫ్. లెన్సును డి7200 కెమెరా తానే త్రిప్పును, డి3500 త్రిప్పజాలదు.

కావున ఆ సోదరి కెమెరా బాడీని, స్వయముగా ఫోకసు చేసికొను లెన్సు నొక్కదానిని మాత్రము కొనిన చాలును. తక్కిన పనికి తండ్రిగారి లెన్సులు కలవు, అప్పు తగ్గును. రూపాయలు చెల్లించుటకు మునుపే ఆ పెట్టెను అంగడికి తీసికొనిపోవలెను. లెన్సును వెలుతురునకు పట్టి లోపల బూజు దారములు లేవని చూడవలెను. లెన్సు లేదని కెమెరా మొరాయించినచో, లెన్సు లేకున్నను ఫొటో తీయనిచ్చు ఏర్పాటును మెనూలో మార్చవలెను. పిదప దూరపు గోపురమునకు గుఱిపెట్టి చూడవలెను. శిఖరము స్పష్టముగా కనబడినచో పొత్తు కుదిరినట్లే.