చమురు బావి సిమెంటులో ఊకబూడిద కల్తీ కాదు

సంపాదకునికి,

గత ఆదివారం అనుబంధంలో చమురు బావుల సిమెంటు గురించి వచ్చిన వ్యాసం, వరి ఊకను కాల్చిన బూడిదను ఆ సిమెంటులో కలపాలన్న ఆలోచనను ఖర్చు తగ్గించుకోవడానికి చేసే కల్తీగా తేల్చి, పక్కనే పాశర్లపూడి మంటల బొమ్మ వేసి, కోనసీమ పాఠకులను భయపెట్టడం తీవ్రంగా ఆక్షేపించవలసిన విషయం. 1995 జనవరి 8న పాశర్లపూడి 19వ నంబరు బావిలో డ్రిల్లింగ్ సాగుతుండగా వాయువు అదుపు తప్పి ఎగజిమ్మి 65 రోజులపాటు మండింది. ఆ వేడినీ ఆ హోరునూ భరించిన ఊళ్లవారు దానిని ఇప్పటికీ మరువలేదు. అయితే ఆ ప్రమాదానికీ బూడిద కలిపిన సిమెంటుకూ ఎలాంటి సంబంధమూ లేదు. సంబంధం లేని మంటను ఒక పరిశోధనకు అంటగట్టడం పత్రిక చేయదగిన పని కాదు.

చమురు బావిలో సిమెంటు చేసే పని ఇంటి గోడలో చేసే పనికి భిన్నమైనది. వేల మీటర్ల లోతుకు తవ్విన రంధ్రంలోకి కేసింగ్ అనే ఉక్కు గొట్టాన్ని దించిన తరువాత, పలచగా కలిపిన సిమెంటును, అంటే స్లర్రీని, ఆ గొట్టం లోపలి నుంచి కిందికి పంపి, అడుగున మలుపు తిప్పి, గొట్టానికీ చుట్టూ ఉన్న రాతికీ మధ్య మిగిలిన సందులోకి పైకి నెట్టి గట్టిపడనిస్తారు. ఆ సందు సరిగా మూసుకోకపోతే ఒక పొరలోని వాయువు మరొక పొరలోకి, లేదా నేరుగా పైకి, దారి చేసుకుంటుంది. అందుచేత ఈ సిమెంటుకు మన దేశంలో ఐఎస్ 8229 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. బావిలోకి పోసే మిశ్రమం ఎంతసేపు పారుతుందో, ఎంత నీరు వదులుతుందో, ఎంత గట్టిపడుతుందో ఆ బావి లోతులోని వేడినీ ఒత్తిడినీ ప్రయోగశాలలో కల్పించి ముందుగానే చూస్తారు.

వ్యాసకర్త భావించినట్లు కాక, ఈ సిమెంటు సాధారణంగా ఒంటరిగా బావిలోకి దిగదు. లోతులో వేడికి ముందుగానే బిగిసిపోకుండా దానిని ఆలస్యం చేసే లిగ్నోసల్ఫోనేట్ అనే పదార్థం కర్ర గుజ్జు నుంచి కాగితం తయారుచేసే మిల్లుల వ్యర్థ ద్రవం నుంచి వస్తుంది, దానిని దశాబ్దాలుగా చమురు బావుల్లో వాడుతున్నారు. స్లర్రీలోని నీరు రాతిలోకి ఇంకిపోకుండా పట్టి ఉంచే కొన్ని పదార్థాలకు మూలం కర్ర గుజ్జులోనూ పత్తి గింజను అంటుకున్న పొట్టి నూగులోనూ ఉండే సెల్యులోజ్. బావి గోడల పగుళ్లలోకి ద్రవం కారిపోతున్నప్పుడు వాటిని పూడ్చడానికి గింజల పెంకులను, పత్తి గింజల పొట్టును వాడటం కూడా ఆ వృత్తిలో పాత పద్ధతే. మన తాపీపనివారు గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపి కట్టిన గోడలు హైదరాబాద్ నగరంలోనే శతాబ్దాలుగా నిలిచి ఉన్నాయి. మొక్క నుంచి వచ్చినది కట్టుబడిలో కలిస్తే కట్టుబడి చెడుతుందన్న అపోహ తెలుగు పాఠకులకు ఎక్కడి నుంచి తెచ్చి అంటించదలచారో పత్రిక చెప్పవలసి ఉంది.

ఊకబూడిద విషయం ఇంకా స్పష్టమైనది. టన్ను ధాన్యాన్ని ఆడిస్తే సుమారు 200 కిలోల ఊక, దానిని కాలిస్తే సుమారు 40 కిలోల బూడిద వస్తాయి. బాగా కాలిన బూడిదలో 85 నుంచి 95 శాతం దాకా సిలికా, అంటే ఇసుకకు మూలమైన ఖనిజ పదార్థమే, ఉంటుంది. సిమెంటు నీటితో కలిసినప్పుడు పుట్టే సున్నం ఈ సిలికాతో చర్య జరిపి మరింత బంధక పదార్థాన్ని తయారుచేస్తుంది. బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు పి. కుమార్ మెహతా 1970లలోనే ఊకబూడిదతో సిమెంటు తయారీపై పరిశోధించి దానికి శాస్త్రీయమైన పునాది వేశారు. బావి అడుగున ఉష్ణోగ్రత సుమారు 110 డిగ్రీల సెల్సియస్ దాటితే మామూలు సిమెంటు కాలక్రమంలో బలం కోల్పోయి నీటిని లోనికి రానిస్తుంది, అందుకే అలాంటి చోట సిమెంటు బరువులో 35 శాతం, ఆపైన మెత్తని సిలికా పిండి కలపడం ఆనవాయితీ. కృష్ణా గోదావరి బేసిన్‌లోని లోతైన బావుల్లో కొన్నింట 150 డిగ్రీలకు మించిన వేడి ఉన్నప్పుడు, ఆ సిలికాలో కొంత భాగం ఆ బావుల చుట్టూ ఉన్న వరి పొలాల నుంచే రాగలదా అని అడగడం పూర్తిగా సమంజసమైన ప్రశ్న.

అలాగని ఏ మిల్లు వెనుక పోసిన బూడిదనైనా ఎత్తుకొచ్చి కలపవచ్చునని ఎవరూ అనరాదు. పారాబాయిల్డ్ మిల్లుల బాయిలర్లలో అరకొరగా కాలిన నల్లని బూడిదలో బొగ్గు మిగిలి, సిమెంటులో కలిపే ఇతర రసాయనాలను పీల్చుకుంటుంది. మితిమీరిన వేడిలో కాలితే సిలికా స్ఫటికంగా మారి చర్యాశక్తి తగ్గడమే కాక, దాని ధూళి కార్మికుల ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. సన్నగా నూరిన బూడిద ఎక్కువ నీటిని కోరుతుంది, ఆ నీటివల్ల స్లర్రీ తేలికపడి బలహీనమైన రాతిపొరల దగ్గర మేలు చేసినా, హద్దు మీరితే గట్టిదనాన్నే దెబ్బతీస్తుంది. ఇవన్నీ కొలిచి తేల్చవలసిన విషయాలు. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో 11 మందిని బలిగొన్న డీప్‌వాటర్ హొరైజన్ ప్రమాదంలో బావి అడుగున పోసినది నత్రజని నురుగు కలిపిన సిమెంటు. అలాంటి మిశ్రమం నిలకడగా ఉండదని ముందే కొన్ని పరీక్షల్లో కనిపించినా దానిని పోశారని విచారణలో తేలింది. అక్కడ ఊకబూడిద లేదు; పరీక్ష చెప్పిన మాటను వినకపోవడం ఉంది.

పరీక్ష సంగతి అటుంచి, అసలు సిమెంటే పోయకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి పత్రిక ప్రతినిధులు కోనసీమ దాకా వెళ్లనవసరం లేదు, హైదరాబాద్ శివారులోని అల్మాస్‌గూడ దాకా వస్తే చాలు. ఈ లేఖ రాస్తున్న వ్యక్తి నివసించే వీధిలో ఇంటింటికీ చందా వేసుకుని ఒక బోరు వేయించారు. బోరు బండివారు మొరం పొర దాటి గట్టి రాయి తగిలేదాకా కేసింగ్ పైపు దించి, ఆ పైపుకూ మట్టికీ మధ్య మిగిలిన సందులో తవ్వగా వచ్చిన రాతి పొడినే నెట్టి, డబ్బు తీసుకుని వెళ్లిపోయారు. మొదటి వేసవి గడిచి వానలు పడగానే పక్కనున్న మురుగు కాలువ నీరు ఆ పొడి గుండా దిగి, పైపు అడుగు నుంచి బోరులోకి చేరింది. బకెట్టు నింపితే నురగ, మూత తీస్తే కంపు, పరీక్షకు పంపితే కోలిఫాం బ్యాక్టీరియా. నీటి కోసం అప్పు చేసి డబ్బు కట్టిన కుటుంబాలు ఆ నీటితో గిన్నెలు కడగడానికి కూడా భయపడి, మళ్లీ ట్యాంకర్లకే డబ్బు పోస్తున్నాయి, పిల్లల వాంతులకు మందులు కొనే ఖర్చు దానికి అదనం. సందులో సిమెంటు ఎందుకు పోయలేదని అడిగితే, అడుగుకింత అని లోతుకే తప్ప నీటి మంచిచెడ్డలకు తమ పూచీ లేదని ఆ బండివారు తెగేసి చెప్పారు. కొన్ని బస్తాల సిమెంటు పలచగా కలిపి ఆ సందులో పోసి ఉంటే ఆగిపోయే అనర్థమిది. గొట్టపు బావుల నిర్మాణానికి ఐఎస్ 2800 అనే ప్రమాణం ఉన్నా, వీధిలో దానిని అడిగేవారూ లేరు, అడిగితే జవాబు చెప్పేవారూ లేరు. ఇది ఒక్క వీధి బాధ కాదు. మురుగు కాలువల పక్కనే బోర్లు వేసుకోక తప్పని శివారు కాలనీలన్నింటి బాధ.

ఈ సందర్భంలోనే మరొక మాట చెప్పవలసి ఉంది. ఈ పత్రికకు బోరుబావి గుర్తుకు వచ్చేది అందులో ఒక పసిబిడ్డ పడినప్పుడే. అప్పుడు పుటలకు పుటలు నింపుతారు, మరునాటికి మరచిపోతారు. సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన మార్గదర్శకాలు కేసింగ్ చుట్టూ నేల మట్టానికి 0.30 మీటర్ల పైకీ అంతే కిందికీ సిమెంటు గద్దె కట్టాలని ఆదేశించాయి. పిల్లల ప్రాణాలకు అది అవసరమే, దాని అమలును నిలదీయడమూ అవసరమే. అయితే ఆ గద్దె కింద పైపు పొడవునా మిగిలిన సందు గుండా మురుగు దిగడాన్ని అది ఆపలేదు, ఆ సంగతిని ఏ వార్తా ఎన్నడూ ప్రస్తావించలేదు. రోజూ తాగే నీటిలో మురుగు కలవడం వార్త కాకపోవడం, ప్రయోగశాలలో బూడిద కలపడం మాత్రం ప్రమాద హెచ్చరిక కావడం ఏ విధమైన వివేచనో అర్థం కాదు.

కనుక సంపాదకులు చేయవలసినవి రెండు ఉన్నాయి. పాశర్లపూడి ప్రమాదాన్ని ఊకబూడిదతో ముడిపెట్టిన వాక్యాలకు సవరణ ప్రచురించడం మొదటిది. రెండవది, రాజమహేంద్రవరంలో చమురు బావుల సిమెంటు పని చూసే ఇంజినీర్లను, ఊక బాయిలర్లు నడిపే మిర్యాలగూడ మిల్లర్లను ఒకేచోట కూర్చోబెట్టి, ఏ వేడిలో కాలిన బూడిద పనికివస్తుంది, దానిని బస్తాకెత్తి బావి దాకా చేర్చి, నూరి, పరీక్షించేసరికి అయ్యే ఖర్చు ఇప్పుడు కొంటున్న సిలికా పిండి కంటే నిజంగా తక్కువా అని అడిగి, వారు చెప్పిన అంకెలను అదే అనుబంధంలో, అంతే స్థలంలో వేయడం. తక్కువ కాదని తేలితే ఆ మాటే రాయవచ్చు. పాఠకులు దానిని అంగీకరిస్తారు.

— ఒక పాఠకుడు,
అల్మాస్‌గూడ, హైదరాబాద్